పడవలో ఫ్యూజు పెట్టె

నా కుడి అరచేతిలో, బొటనవేలి కింద, చింతగింజంత నల్లమచ్చ ఒకటి ఉండాది. ఎవురన్నా అడిగితే బ్యాటరీ తీగ కాలిందని చెబుతాను. అది నిజమే గానీ సగం నిజం. మిగతా సగం చెప్పబోతే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతాది. అందుకే ఇన్నాళ్ళూ నోరు కట్టుకోని ఉన్నాను. ఈరోజు చెబుతాను, మండితే మండనీ.

రెండో ప్రపంచ యుద్ధంలో నేను తుపాకి పట్టలేదు. మిలిటరీ లారీలకు కరెంటు పని చేసినాను. యుద్ధం అయిపోయి ఉదయగిరికి తిరిగొచ్చేటప్పటికి నాకంటూ ఉన్నది ఒక పటకారు, ఒక స్క్రూడ్రైవరు, చేతిపని. మా నాయనకు కొండ కింద రెండు ఎకరాల మెట్ట. వాన పడితే సజ్జలు, పడకపోతే చుక్కలు లెక్కబెట్టుకోవడం. కాబట్టి పేరు తెచ్చుకుంటే చేతిపని మీదే తెచ్చుకోవాల. ఫలానావాడు ముట్టుకుంటే బండి మళ్ళీ ఆగదు అని నలుగురూ అనుకోవాల. నాకు అంతకు మించిన ఆశ లేదు.

మా అక్కను ఆత్మకూరు దిక్కు పెన్న ఒడ్డు పల్లెలో ఇచ్చినాం. బావ వాళ్ళు ఏటి మీద బతికిన మనుషులు. చేపలు పట్టడం, ఏరు నిండితే తెప్ప మీద జనాన్ని దాటించడం. అప్పట్లో ఆ చుట్టుపక్కల ఏటికి వారధి లేదు. వానాకాలం మూడు నెలలు అవతలి ఒడ్డు మనుషులు ఆత్మకూరు సంతకు రావాలన్నా, ఆసుపత్రికి రావాలన్నా తెప్పే గతి. ఆ పల్లెలో ఒక పెద్ద రైతు ఉండేవాడు. ఊరంతా పెద్దాయన అనేది. ఆయన మద్రాసు పోయి, మిలిటరీ వాళ్ళు వేలం వేసిన మోటారు పడవ ఒకటి కొని, రెండు లారీల మీద కట్టించుకోని వచ్చినాడు. జిల్లాలో ఇంకెవురికీ లేదని ఆయన గొప్ప.

కొనడమైతే కొన్నాడు, నడిపేవాడు యాడ? మా అక్క కబురు పెట్టింది. నేను పోయినాను. ఇంజిను నాకు అప్పజెప్పినారు. "ఏటి పోకడ మా బావకు తెలిసినట్టు ఇంకెవురికీ తెలవదయ్యా, చుక్కాని ఆయనకే ఇవ్వండి" అని పెద్దాయనకు చెప్పింది నేనే. ఇది గుర్తుపెట్టుకోండి. స్క్రూ ఎటు తిప్పితే బిగుస్తాదో కూడా బావకు నేర్పింది నేనే.

పడవను ఏట్లోకి దించిన రోజు పెద్దాయన తల్లి పల్లకీ దిగినట్టు ఎద్దుల బండి దిగొచ్చి గంగమ్మకు టెంకాయ కొట్టింది. ఎనభై ఏళ్ళ మనిషి, మాటంటే మాటే. తెప్పల కాలంలో ముందరి కొసన మూకుట్లో దీపం పెట్టుకోని దాటేవాళ్ళు. ఒడ్డు వదిలినప్పుడు వెలిగించిన దీపం అవతలి ఒడ్డు తగిలేదాకా ఆరకూడదు. నడి ఏట్లో ఆరితే గంగమ్మకు కోపం వచ్చినట్టు. పడవకు ముందర మోటారు లైటు ఒకటి ఉంటే ముసలామె దాన్ని చూపించి, "ఇంకమీదట ఇదేరా దీపం. పగలైనా సరే, వెలగాల" అంది. దానికి కూడా ఇంత పసుపు పూసింది. మా అక్క దండం పెట్టుకుంది. నేను నవ్వుకున్నాను. ఆ నవ్వు నాకు మంచి చెయ్యలేదు.

మొదటి వారంలోనే పడవ నడి ఏట్లో మూడుసార్లు ఆగింది. లైటు ఆరిపోతాది, హారను మూగబోతాది, ఇంజిను చచ్చిపోతాది, అన్నీ ఒకేసారి. ఏటి నీళ్ళు పడవను ఎత్తుకుపోతా ఉంటే జనం గోవిందా అని అరుపులు, బావ గెడ పట్టుకోని బండబూతులు. నేను కిందికి దూరి ఫ్యూజు మారిస్తే మళ్ళీ నడిచేది.

ఒడ్డుకు చేరినాక ఒకరోజు మొత్తం కూర్చుని వెతికినాను. అది అంతకుముందు మద్రాసు దగ్గర ఉప్పునీళ్ళలో తిరిగిన పడవ. రాగి తీగలన్నీ చిలుము పట్టి పచ్చగా ఉండాయి. వాటి మీది రబ్బరు బీటలు వారింది. అంతకంటే పెద్ద తప్పు ఇంకోటి. ఏ మహానుభావుడు చేసినాడో గానీ, ఉన్న తీగలన్నిటినీ తెచ్చి ఒకే ఒక ఫ్యూజు కింద బిగించినాడు. ఇంట్లో ఒకడికి జ్వరం వస్తే అందరికీ లంఖణం పెట్టినట్టు. ఫ్యూజు తీగంటే ఏమీ లేదు, సన్నటి సీసం తీగ. యాడన్నా రెండు తీగలు కలిసి కరెంటు ఎక్కువ పారితే అది ముందుగా కరిగి తెగిపోతాది. అది తెగితే తక్కిన తీగలు కాలకుండా బతుకుతాయి. ఈడ ఒక్కటే కాబట్టి, తప్పు ఎవురిదైనా ఇంజిను కూడా ఆగేది.

చిన్న బల్బుకు రెండు తీగలు కట్టుకోని, అన్నీ విప్పేసి, ఒక్కొక్కటే తగిలిస్తా వచ్చినాను. హారను బాగుండాది. ఇంజిను తీగ బాగుండాది. ముందరి లైటు తీగ తగిలించి బావను పడవ ఊపమన్నాను. నాలుగు ఊపులకు ఫ్యూజు టప్పున పోయింది. దొరికినాడు దొంగ! లైటుకు పోయే జంట తీగ పక్క పలకల లోపల దూరిపోయుండాది. ఆడ రబ్బరు రాలిపోయి, అల తగిలినప్పుడల్లా రెండు తీగలు ముద్దు పెట్టుకుంటా ఉండాయి. పలకలు పీకితే గానీ దాన్ని మార్చలేం.

ముందు ఫ్యూజు పెట్టె సంగతి చూసినాను. ఉదయగిరిలో కొయ్య గరిటెలు, దువ్వెనలు చెక్కే ఆయన ఒకాయన నాకు చిన్నప్పటినుంచీ ఎరిక. "గరిటెలు చేసుకునేవాడితో కరెంటు పెట్టె చేయిస్తావంట్రా, నాకు షాకు కొడితే మీ నాయన వచ్చి తిప్పుతాడా ఈ కొయ్య చెక్కే లేతు?" అన్నాడు. అంటానే నీళ్ళకు ఉబ్బని గట్టి కొయ్య ఏరి, పలక చేసి, నూనెలో నానబెట్టి, పైకి జారే మూత కూడా పెట్టిచ్చినాడు. నెల్లూరు నుంచి పింగాణి ఫ్యూజులు ఐదు తెప్పించుకున్నాను. ఇంజినుకు ఒకటి, ముందరి లైటుకు ఒకటి, హారనుకు ఒకటి, లోపలి బల్బుకు ఒకటి, నీళ్ళు తోడే మోటారుకు ఒకటి. ఎవురి తప్పు వాళ్ళే అనుభవించాల, పక్కోడు ఆగకూడదు. పెట్టె బిగించి మూత జార్చినప్పుడు, చెబితే నవ్వుతారు గానీ, కళ్ళల్లో నీళ్ళు తిరిగినాయి. అంత అందంగా కుదిరింది.

ఆ పొద్దు నుంచి ఇంజిను నడి ఏట్లో ఆగితే ఒట్టు. కానీ చూడండి నా ఖర్మ. ఇంతకుముందు అన్నీ కలిసి ఆగేటప్పుడు లైటు సంగతి ఎవురూ పట్టించుకోలేదు, ప్రాణభయంలో ఉండేవాళ్ళు. ఇప్పుడు పడవ హాయిగా పోతా ఉంటే లైటు ఒక్కటే టక్కున ఆరిపోయేది. కూర్చున్న జనానికి చూసే తీరిక దొరికింది. "దీపం ఆరింది, దీపం ఆరింది" అని ఒకటే గోల. ఒకామె దిగినాక తిరుగు ప్రయాణానికి ఎక్కనంది. విషయం ముసలామెకు చేరింది. "పెట్టె మార్చినాక దీపం ఆరడం మొదలుబెట్టిందంట గదా. వాడు ఏం ముట్టుకున్నాడో అడగండి" అని కబురు పెట్టింది.

పెద్దాయన దగ్గరికి పోయి మొత్తుకున్నాను. "అయ్యా, నాలుగు రోజులు పడవను ఒడ్డెక్కించండి. పలకలు పీకి తీగ మారుస్తాను. అందాకా ఆ ఫ్యూజు పోనీండి. అది పోతా ఉందంటే మనల్ని కాపాడతా ఉందని లెక్క." ఆయన చుట్ట తీసి నా మొకం చూసినాడు. "ఏందిరా నువ్వు చెప్పేది? పాడైపోవడం కూడా పనేనా? ఏరు నిండుగా ఉంటే పడవ ఎట్టా ఆపేది? వానలు వెనకబట్టినాక చూద్దాంలే." బావ నా పక్కనే నిలబడి అంతా విన్నాడు. ఇంటికొచ్చి అన్నం తింటా మా అక్కకు కూడా చెప్పినాను. తీగ మార్చేదాకా ఆ సన్న తీగను ఎవురూ ముట్టుకోకూడదని ఇద్దరికీ మరీ మరీ చెప్పినాను.

ఆ తర్వాత నాలుగైదు రోజులకు లైటు ఆరడం ఆగిపోయింది. ఒక రోజు, రెండు రోజులు, వారం. అలలు ఎంత కొట్టినా ఆరలేదు. "తడి ఆరిపోయుంటాదిలే బామ్మర్దీ" అన్నాడు బావ. "పెట్టె నీ చేతికి మాలిమి అయింది." నేను నమ్మినాను. పలకల మధ్య తీగలు ఏదో సర్దుకున్నాయని, కొత్త పెట్టె మహిమ అని నాకు నేనే చెప్పుకున్నాను. ముసలామె శాంతించింది. పెద్దాయన నలుగురిలో నా భుజాన కొత్త పంచె కప్పినాడు. ఆత్మకూరులో బస్సులు ఆగే చోట టీ తాగతా లారీ డ్రైవర్లకు ఐదు ఫ్యూజుల కథ చెప్పిందే చెప్పి చెవులు తూట్లు పొడిచినాను. ఇంటికొస్తే మా అక్క మజ్జిగ చేతికిచ్చి, "నీ చేతి చలవరా, ఒక్కరోజన్నా ఆరలేదు" అనేది. ఆ మాటకు నేను పొంగిపోయి ఇంకో ముద్ద ఎక్కువ తినేవాణ్ణి.

నా తప్పు కూడా చెబుతాను, దాచుకునేది ఏముంది? శనివారం శనివారం నేను పెట్టె తెరిచి ఫ్యూజులు చూసేవాణ్ణి. ఇంజినుది పీకి చూసేవాణ్ణి, హారనుది పీకి చూసేవాణ్ణి. లైటుది మాత్రం పీకలేదు. ఆరని దీపం దగ్గరికి ఎవుడు పోతాడు చూడను? బాగుందనుకుంటా ఉన్న దాన్ని కదిలిస్తే మళ్ళీ ఆరుతాదేమో, పేరు పోతాదేమోనని లోపల యాడో భయం కూడా ఉండాది.

కార్తీకంలో ఒక పొద్దున ముప్పై మందితో సంతకు దాటతా ఉన్నాం. మబ్బు పట్టి గాలి తోలతా ఉంది, అలలు గట్టిగా ఉండాయి. నడి ఏట్లోకి వచ్చేసరికి ముందరి పలకల సందులోనుంచి పొగ. ఆ వెంటనే మంట. దాని పక్కనే నిమ్మగడ్డి మోపులు ఉండాయి, అంటుకున్నాయి. జనం అంతా వెనక్కి పరిగెత్తితే పడవ ఒక పక్కకు ఒరిగింది. ముగ్గురు ఏట్లోకి దూకేసినారు. లైటు మాత్రం మహారాజులాగా వెలగతానే ఉంది! నేను ఇంజిను పక్కకు పడి, బ్యాటరీ తీగను ఉత్త చేత్తో పీకేసినాను. అది ఎర్రగా కాలుండాది, చేతికి అంటుకోని తోలుతో సహా ఊడొచ్చింది. లైటు ఆరింది, ఇంజిను ఆగింది. తీగల్లో వేడి తగ్గింది, తడి గోనెలు వేసి మంట ఆర్పినాం. పడవ ఏటి వాలున కొట్టుకుపోయి ఇసుక దిబ్బకు తగులుకుంది. దూకినోళ్ళను చేపలు పట్టే పల్లెకారులు బయటికి లాగినారు. దేవుడి దయ, ఎవురూ పోలేదు.

అందరూ ఒడ్డుకు పోయినాక చేతికి గుడ్డ చుట్టుకోని పెట్టె మూత తెరిచినాను. లైటు ఫ్యూజు పీకినాను. అందులో సీసం తీగ లేదు. మూడు పాయలు పేనిన రాగి తీగ ఉండాది. అగ్గిపుల్లంత లావు. దాన్ని పెట్టుకుంటే పడవంతా కాలిపోయినా తెగదు. ఆ తీగ నడుమన పసుపు దారం మూడు చుట్లు చుట్టి, మూడు ముళ్ళు వేసుండాది. మూడో ముడి తిరగేసి వేసుండాది. మా అవ్వ అట్టా వేసేది. అవ్వ దగ్గర ఆ ముడి నేర్చుకున్నది మా ఇంట్లో ఒక్కరే, మా అక్క.

కంచే చేను మేసిందంటారే, అప్పటిదాకా ఆ మాట విన్నాను గానీ దాని రుచి నాకు తెలవదు. వానాకాలమంతా నేను గొప్పలు చెప్పుకుంటా ఉంటే అక్కా బావా ఇద్దరూ విన్నారు. అక్క మజ్జిగ ఇచ్చింది. చేతి చలవ అనింది. తెలిసే అనింది. తీగ జోబీలో పెట్టుకున్నాను.

సాయంత్రం పెద్దాయన వసారాలో కూర్చోబెట్టి విచారణ. ఊరంతా ఉండాది. ముసలామె పీట మీద, ఆమె వెనక ఆడవాళ్ళల్లో మా అక్క. పెద్దాయన బావను అడిగినాడు. బావ దొంగకు తేలు కుట్టినట్టు నేల చూస్తానే, "నేను చుక్కాని వదలలేదయ్యా. పెట్టె సంగతంతా మా బామ్మర్దిదే. నాకు కరెంటు ఏం తెలుసు?" అన్నాడు. నా మొకం చూడలేదు. ముసలామె మా అక్క దిక్కు తిరిగింది. "ఏమ్మా, మీ ఇంట్లో వాళ్ళే గదా. ఆ పెట్టె ఇంకెవురన్నా తెరుస్తారా?" మా అక్క తల కొంగు సర్దుకుంది. నేను దాని కళ్ళల్లోకే చూస్తా ఉన్నాను. "లేదవ్వా. మా తమ్ముడే. ఇంకెవురూ ముట్టుకోరు" అనింది.

నాకు కోపం ఆగలేదు. జోబీలో తీగ తీసి వసారా మధ్యన విసిరికొట్టినాను. "ఇది చూడండి! ఇది ఫ్యూజా? ఇది పెట్టింది ఎవురో ఆ ముడి చెబుతాది. సన్న తీగ ఉండుంటే అది తెగిపోయి మనం బాగుండేవాళ్ళం. లావు తీగ వేసి నన్ను నమ్మించి గొంతు కోసినారు!"

ఎవురో తీగ తీసి ముసలామె చేతికిచ్చినారు. ఆమె కళ్ళ దగ్గర పెట్టుకోని చూసింది. దారం సగం కాలిపోయినా పసుపు కనబడతానే ఉంది. దాన్ని కళ్ళకు అద్దుకుంది. "ఎవురు కట్టినారో గానీ తల్లీ, నీ కడుపు చల్లగా. పడవ తగలబడతా ఉన్నా దీపం ఆరకుండా నిలబెట్టినావు. ముప్పై మంది ప్రాణాలతో వచ్చినారంటే ఈ దారమే" అని, నా దిక్కు చూసి, "నడి ఏట్లో దీపం ఆర్పింది మాత్రం వీడంట గదా. చేత్తో పీకినాడంట గదా" అనింది. జనం అవునవునన్నారు. వాళ్ళు కళ్ళారా చూసినారాయె. నా కాలిన చెయ్యే నాకు ఎదురు సాక్షి.

తిన్నింటి వాసాలు లెక్కబెట్టినాడంటారు దుర్మార్గుణ్ణి. నాకైతే అన్నం పెట్టిన ఇంటివాళ్ళే లెక్కబెట్టినారు. పొద్దున బస్సుకు ఉదయగిరికి వచ్చేసినాను. వానలు వెనకబట్టినాక పలకలు పీకించి తీగ మార్పించినారని, ఇంజిను కూడా బావకే ఇచ్చినారని తర్వాత తెలిసింది. ఆత్మకూరులో ఏడెనిమిదేళ్ళు ఏ బస్సువాడూ నన్ను బండి ముట్టుకోనివ్వలేదు. పడవ తగలబెట్టినోడు అనే పేరు నాకంటే ముందు పోయి కూర్చునేది. గరిటెలు చెక్కే ఆయన అంగడి పక్కన అర వసారా బాడుగకు తీసుకోని, టార్చిలైట్లకు, సైకిలు డైనమోలకు పని చేసుకుంటా బతికినాను.

ఆత్మకూరుకు ఇళ్ళ కరెంటు వచ్చిన ఏడాది, మా అక్క మొదటిసారి కబురు పెట్టింది. అప్పటికి బావ ఆత్మకూరులో బస్సు రోడ్డు పక్కన ఇల్లు కట్టుకున్నాడు. "నీ చేత్తోనే వేయించుకుంటానంటా ఉంది" అని వచ్చినోడు చెప్పినాడు. పోకూడదనే అనుకున్నాను. రెండు రోజులకు పటకారు ఎత్తుకోని పోయినాను. బావ ఇంట్లో లేడు, లేకుండా పోయినాడు. గోడకు ఫ్యూజు పలక బిగిస్తా అడిగేసినాను. "ఎందుకు చేసినావక్కా?"

అక్క అబద్ధం ఆడలేదు. "దీపం ఆరతా ఉంటే ఆయన్ను చుక్కాని నుంచి తీసేస్తామన్నార్రా. తీగ ఆయన పేనినాడు, దారం నేను కట్టినా. ఆ రోజు వసారాలో నిజం చెబితే మేం యాడికి పోవాల, నలుగురు పిల్లలతో? నీ చేతిలో పని ఉంది. యాడైనా బతుకుతావు."

"మరి వానాకాలమంతా నా గొప్పలు ఎందుకు విన్నావు?"

"నీ మొకంలో సంతోషం చూసి చెప్పలేకపోయినా."

సన్న తీగ వేసినాను. ఇది పోతే కబురు పెట్టు, ఎవురినీ ముట్టుకోనివ్వొద్దు అని చెప్పి వచ్చినాను.

ఆ వానాకాలం కొత్త కరెంటుకు ఆత్మకూరులో ఇంటింటికీ ఫ్యూజులు పోయినాయి. ఏ వీధి చూసినా చీకటే. నేను సాయంత్రం బస్సులో నెల్లూరు నుంచి తిరిగొస్తా ఉంటే మా అక్క ఇంట్లో మాత్రం ఎప్పుడూ దీపం వెలగతానే ఉండేది. ఒక కబురూ రాలేదు. మూడోసారి చూసినప్పుడు బస్సు ఆపించి దిగినాను.

నన్ను చూసి అక్క సంబరపడింది. మజ్జిగ తెచ్చిచ్చి, "నీ చేతి చలవరా, ఒక్కరోజన్నా ఆరలేదు" అనింది.

గ్లాసు కింద పెట్టి పలక దగ్గరికి పోయినాను. ఫ్యూజు పట్టుకోని లాగినాను. ఇల్లు చీకటయింది. "అయ్యో, దీపం ఆర్పినావేందిరా!" అని అరిచింది. గుమ్మంలో ఇంకా కాస్త వెలుతురు ఉండాది. అందులో చూసినాను. మూడు పాయల రాగి తీగ, కొత్త పసుపు దారం, మూడో ముడి తిరగేసి.

తీగ విప్పి అక్క అరచేతిలో పెట్టినాను. పెట్టేటప్పుడు నా అరచెయ్యి దాని ముందరికి వచ్చింది. అక్క తీగను చూడలేదు, నా మచ్చను చూసింది. ఏదో చెప్పబోయింది. నేను వినలేదు. వింటే మళ్ళీ నమ్ముతానని నాకు తెలుసు. నా జోబీలో ఉన్న సన్న తీగ చుట్ట మొత్తం గూట్లో పెట్టి, ఫ్యూజు వెయ్యకుండానే, రోడ్డు మీదికి వచ్చి బస్సు కోసం నిలబడినాను.